ఇంటిపేరు క్రిబి, పుట్టిల్లు నైజర్

మన తెలుగువాళ్ళ ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ పేర్లే. ఆ ఊరు ఎక్కడుందండీ అని అడిగితే మాత్రం తెల్లమొహం వేసేవాళ్ళే ఎక్కువ. ఏ ముత్తాతకి ముత్తాతో, కరువొచ్చో కలహమొచ్చో, మూటా ముల్లే సర్దుకుని అక్కణ్ణించి లేచివచ్చి వుంటాడు. ఊరు వెనకే వుండిపోయింది. పేరు మాత్రం బండెక్కి వెంట వచ్చింది. ఇక ఆడవాళ్ళ సంగతి మరీ చిత్రం. పెళ్ళినాడు ఒక ఊరి పేరు తీసి పక్కన పెట్టి, ఇంకో ఊరి పేరు తగిలించుకుంటాం. ఆ రెండు ఊళ్ళలో ఏ ఒక్కటీ చూసిన పాపాన పోనివాళ్ళం ఎంతమందిమో!

ఇలాంటి ఇంటిపేరే వున్న చేప ఒకటి వుంది. దాన్ని క్రిబెన్సిస్ అంటారు. ‘క్రిబి ఊరిది’ అని దాని అర్థం. క్రిబి అనేది పశ్చిమాఫ్రికాలో, కామెరూన్ దేశపు సముద్రతీరాన వున్న పట్నం. రంగుచేపలమ్మే కొట్లో ఈ పేరు చెబితే చాలు, కొట్టువాడు గాజుతొట్టెలోంచి ఒక జత పట్టి, నీళ్ళసంచిలో వేసి చేతికిస్తాడు. చిన్న ప్రాణి. మగది సుమారు నాలుగంగుళాలు, ఆడది అంతకంటే పొట్టి. తలనుంచి తోకదాకా నల్లని చార. వేళ వచ్చినప్పుడు ఆడదాని పొట్టమీద కుంకుమ పులిమినట్టు ఎరుపు పొంగుతుంది. దాని అందం చూసి కొనేవాళ్ళు కొందరైతే, అది సంసారం చేసే తీరు చూడాలని కొనేవాళ్ళు మరికొందరు.

తీరా విచారిస్తే, ఆ చేపకీ క్రిబికీ సంబంధమే లేదు. దాని పుట్టిల్లు నైజీరియా దక్షిణ తీరం. నైజర్ నది సముద్రంలో కలవబోతూ లెక్కలేనన్ని పాయలుగా విడిపోయే డెల్టా, చుట్టుపక్కల అడవి వాగులు, మహా అయితే కామెరూన్ పడమటి అంచు. క్రిబి అక్కణ్ణించి బాగా దక్షిణాన వుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు మనవాళ్ళు. ఇక్కడ దిబ్బ సంగతి అటుంచి, ఊరే వేరు!

ఈ తప్పు పేరు ఎలా అంటుకుందో, దానివల్ల చేపకి వచ్చిన నష్టమేమిటో, అసలు నష్టం ఎక్కడుందో చెప్పాలంటే నూటపాతికేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

పశ్చిమాఫ్రికా చేపలు లండను చేరిన కథలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి మేరీ కింగ్‌స్లీ. 1862లో పుట్టింది. నవలాకారుడు చార్లెస్ కింగ్‌స్లీకి తమ్ముడి కూతురు. బడి గడప తొక్కలేదు. తండ్రి పుస్తకాల బీరువాలే ఆమెకి బడి. మంచంపట్టిన తల్లికి సేవచేస్తూ ముప్ఫై ఏళ్ళు దాకా ఇంట్లోనే వుండిపోయింది. 1892లో కొద్దివారాల తేడాతో తండ్రీ, తల్లీ ఇద్దరూ పోయారు. ఆ కాలపు పెళ్ళికాని ఆడపిల్ల ఏ అన్నదమ్ముల పంచనో చేరి కుట్లూ అల్లికలూ చేసుకుంటూ కూర్చోవాలి. ఈవిడ మరుసటి ఏడు ఒక్కతే ఓడెక్కి పశ్చిమాఫ్రికా వెళ్ళింది.

రెండోసారి, 1894 చివర్లో బయల్దేరినప్పుడు, బ్రిటిష్ మ్యూజియంలో చేపల పండితుడు గుంథర్ ఆమెకి సేకరణ సామగ్రి ఇచ్చాడు. బట్టలు, పొగాకు, గాలాలు అమ్ముకుంటూ వర్తకురాలిగా తిరిగి, నదుల్లో దొరికిన చేపల్ని సారాయి సీసాల్లో నిలవచేసింది. ఎంత ఎండలోనూ ఇంగ్లీషు దొరసానుల నల్ల పావడా విడవలేదు. ఒకసారి అడవిలో జంతువుల కోసం తవ్విన గోతిలో, మేకుల్లాంటి గుంజలమీద పడితే ఆ మందపాటి పావడాయే ప్రాణం కాపాడిందని తనే రాసుకుంది. మడుగులో పడవ మీదికి ఎక్కబోయిన మొసలిని తెడ్డుతో ముక్కుమీద కొట్టి పంపేసింది. ఈ సంగతులన్నీ 1897లో అచ్చయిన ఆమె యాత్రాగ్రంథంలో వున్నాయి.

ఆమె ఓగోవే నదిలోనూ, నైజీరియాలోని ఓల్డ్ కలబారులోనూ సేకరించిన వాటిమీద గుంథర్ 1896లో నివేదిక రాశాడు. మూడు కొత్త చేపలకి ఆమె పేరు పెట్టాడు. మన ఎర్రపొట్ట చేప ఆమె సీసాల్లో వుందని నేననడం లేదు. పెట్టిన పేరు సరిగ్గా సరిపోయిన చేపలు కూడా లోకంలో వున్నాయని చెప్పడానికే ఆమెను తలుచుకున్నాను. పాపం, ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. 1900లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధఖైదీలకి నర్సుగా పనిచేస్తూ, విషజ్వరం సోకి 37 ఏళ్ళకే కన్నుమూసింది. కోరిక ప్రకారం దేహాన్ని సముద్రంలో వదిలారు.

గుంథర్ తర్వాత మ్యూజియంలో చేపల పని బెల్జియంలో పుట్టిన జార్జ్ ఆల్బర్ట్ బూలెంజే చేతికి వచ్చింది. ఆయన వేయికి పైగా చేపజాతులకి నామకరణం చేసిన మహానుభావుడు. మన ఇళ్ళలో బారసాల చేయించే పురోహితుడికి కూడా అన్ని పేర్లు పెట్టే అవకాశం రాదు. 1909 నుంచి 1916 దాకా ఆఫ్రికా మంచినీటి చేపల మీద నాలుగు పెద్ద సంపుటాలు వెలువరించాడు. ఉద్యోగం చాలించాక చేపల్ని వదిలిపెట్టి, బెల్జియం వెళ్ళి గులాబీల మీద పరిశోధన చేశాడు. ముళ్ళున్న చేపలకీ ముళ్ళున్న పూలకీ ఏం చుట్టరికం తోచిందో మరి!

మన చేపకి 1901లో ఆయన పెట్టిన పేరు పెల్మటోక్రోమిస్ పుల్కర్. లాటిన్‌లో పుల్కర్ అంటే అందమైనది. సారాయిలో ఊరిన చేపలకి ముందుగా పోయేది ఎరుపూ పసుపూ రంగులే. ఆ రంగు పదార్థాలు సారాయిలో కరిగిపోతాయి. అయినా ఆయన దాన్ని అందమైనదన్నాడు. పదేళ్ళ తర్వాత, 1911లో, దీనికి దాయాది వరసయ్యే మరో చేప వచ్చింది. అది నిజంగానే క్రిబి దగ్గర దొరికింది. దానికి పెల్మటోక్రోమిస్ క్రిబెన్సిస్ అని పేరు పెట్టాడు.

అంటే బూలెంజే పొరపాటు పడలేదన్నమాట. అందగత్తెకి అందగత్తె అనీ, క్రిబి పిల్లకి క్రిబి అనీ సరిగ్గానే రాశాడు. బజారుకి వచ్చేసరికి పేర్లు తారుమారయ్యాయి. చేపలు ఓడల్లోనూ, తర్వాత విమానాల్లోనూ ఐరోపా చేరాక, వర్తకులూ పెంపకందార్లూ నైజీరియా చేపని కూడా క్రిబెన్సిస్ అనే పిలిచారు. పలకడానికి తేలిగ్గా వుంది, నోళ్ళలో నానింది, అచ్చులోకీ ఎక్కింది. పండితులు కూడా దీనికి లొంగిపోయారు. 1963లో జర్మనీలో ఈ చేపల స్వభావం మీద వచ్చిన పరిశోధన వ్యాసం శీర్షికలో సైతం క్రిబెన్సిస్ అన్న మాట వుంది.

1968లో బెల్జియం పండితుడు తీస్ వాన్ డెన్ ఆడెనార్డె ఈ చేపల్ని విడదీసి పెల్వికక్రోమిస్ అనే కొత్త ప్రజాతి కింద పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే గోత్రం మార్చాడు. అసలు క్రిబెన్సిస్‌ని చాలాకాలం టీనియాటస్ అనే ఇంకో చేపలో కలిపేశారు. అంటే నిజమైన క్రిబి పిల్లకి కాగితం మీద పేరే లేకుండా పోయింది, క్రిబి ఎరగని పిల్ల మాత్రం ఊరూరా ఆ పేరుతో చెలామణీ అయింది! చివరికి 2014లో లాంబోయ్, ఆయన సహచరులూ కామెరూన్ చేపల్ని మళ్ళీ పరిశీలించి, క్రిబెన్సిస్ పేరుని దాని హక్కుదారుకి తిరిగి ఇప్పించారు. నూటమూడేళ్ళ వ్యాజ్యం. బజారులో మాత్రం తీర్పు అమలు కాలేదు. ఇప్పటికీ నైజర్ చేపనే క్రిబ్ అని ముద్దుగా పిలుస్తున్నారు.

సరే, పేరు మాట అలా వుంచి ఇంటి మాటకి వద్దాం. నైజర్ పిల్ల కాపురానికి వచ్చిన గాజుటిల్లు ఎవరు కట్టారు?

ఇంట్లో గాజుతొట్టె పెట్టి అందులో నీటిప్రాణుల్ని బతికించే విద్య పట్టుబడింది 19వ శతాబ్దంలో. ఈ కథలో ఆడవాళ్ళు ముందు వరసలో వున్నారు. ఫ్రాన్సులో పుట్టిన జాన్ విల్‌ప్రూ పవర్ మొదట పారిస్‌లో బట్టలు కుట్టి, రాకుమారి పెళ్ళిగౌనుకి ఎంబ్రాయిడరీ చేసిన మనిషి. పెళ్ళయి సిసిలీ ద్వీపంలోని మెసీనా వెళ్ళాక, 1832లో గాజుతొట్టెలు చేయించి సముద్రజీవుల్ని వాటిలో పెట్టి పరిశీలించింది. అర్గోనాట్ అనే ప్రాణి తన గవ్వని తనే తయారుచేసుకుంటుందని నిరూపించింది. అంతవరకూ అది ఎవరి గవ్వనో దొంగిలించిందని అనుమానించేవాళ్ళు.

లండనులో ఆనా థిన్ అనే పాదిరీగారి భార్య 1846లో టార్కీ సముద్రతీరం నుంచి పగడపు ప్రాణుల్ని తెచ్చి, వెస్ట్‌మిన్‌స్టర్‌లోని తన ఇంట్లో పెంచింది. నీళ్ళలో గాలి కలవకపోతే ప్రాణులు చస్తాయి. కరెంటు పంపులు లేని కాలం. అందుకని తెరిచిన కిటికీ దగ్గర నిలబెట్టి, ఇంటి పనిమనిషి చేత అరగంటో ముప్పావుగంటో నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకోదాంట్లోకి పోయించింది. కాఫీ చల్లార్చినట్టు అనుకోండి. అమ్మగారి పేరు చరిత్రలో వుంది. చెయ్యి నొప్పిపుట్టేలా నీళ్ళు తిరగబోసిన పిల్ల మాత్రం ‘పనిమనిషి’గానే మిగిలిపోయింది. పేరు మార్చి పిలవడం ఒక రకం, అసలు పేరే అడగకపోవడం ఇంకో రకం.

1850లో వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త చేపలు, నీటిమొక్కలు, నత్తలు మూడూ కలిసి వుంటే తొట్టెలో నీళ్ళు చాలాకాలం చెడవని చూపించాడు. అంతకు అయిదేళ్ళ ముందే ఇంగ్లండులో గాజు మీద పన్ను ఎత్తేశారు. గాజు చవకైంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ గాస్ పుస్తకంతో అక్వేరియం అన్న మాట ఇంటింటికీ తెలిసింది. వేడిదేశాల చేపలు వచ్చాక ఇంకో ఇబ్బంది. చలికాలంలో తొట్టె అడుగున గ్యాసుమంటో కిరసనాయిలు దీపమో పెట్టి నీళ్ళు వెచ్చబెట్టేవారు. కరెంటు హీటర్లు వచ్చాకగానీ మన నైజర్ పిల్లకి చలిదేశాల్లో సుఖంగా కాపురం కుదరలేదు.

ఇక ఆ కాపురం చూడండి. రెండడుగుల తొట్టె చాలు. అడుగున సన్నని ఇసక, నాలుగు నీటిమొక్కలు, ఒక కొబ్బరిచిప్ప. చిప్పని బోర్లించి అంచున చిన్న సందు చేస్తే అదే గుహ. పూలకుండీ అయినా పనికొస్తుంది. నీళ్ళ వేడి 25 నుంచి 27 డిగ్రీల సెంటిగ్రేడ్. ఇల్లు చూసుకోవడం, పెళ్ళిమాట ఎత్తడం, రెండూ ఆడదాని పనే. ఎర్రపొట్ట వంపు తిప్పి, ఒళ్ళు వణికిస్తూ మగవాడి ముందు తిరుగుతుంది. వాడు మెత్తబడ్డాక చిప్పలోని ఇసక నోటితో ఎత్తి బయట పోస్తుంది. ఇంట్లోకి వెళ్ళి లోకప్పుకి గుడ్లు అంటిస్తుంది. వందా, రెండువందలా, ఒక్కోసారి ఇంకా ఎక్కువా.

అప్పణ్ణించీ ఇంట్లో ఆవిడ, వీధిగుమ్మంలో ఆయన. గుడ్లకి రెక్కలతో గాలి విసురుతూ, పాడైనవాటిని ఏరిపారేస్తూ ఆవిడ బయటికి రావడమే తక్కువ. మూడురోజులకి గుడ్లు పొదుగుతాయి. ఇంకో నాలుగైదు రోజులకి ఒక పొద్దున చిప్పలోంచి పిల్లలమంద మేఘంలా బయటికి వస్తుంది. తల్లి ముందు, తండ్రి వెనక. ప్రమాదం తోస్తే తల్లి ఒళ్ళు ఒక్కసారి జళిపిస్తుంది. అంతే, పిల్లలన్నీ ఇసకకి అంటుకుని కదలకుండా పడుకుంటాయి. దారితప్పినదాన్ని తల్లో తండ్రో నోటితో చప్పరించి తెచ్చి మందలో ఊస్తారు. ఈ పిల్లలకి గుడ్డు విచ్చి వచ్చిన ఆర్టీమియా అనే ఉప్పునీటి రొయ్యపురుగుల్ని వేసి పెంచుతారు. అన్నట్టు, మన చేపలబజారులో దొరికే తిలాపియా కూడా ఈ సిక్లిడ్ కుటుంబానిదే. ఆఫ్రికా నుంచి పుట్టి, 1952లో మన దేశానికి వచ్చి, చెరువులన్నీ ఆక్రమించిన పెద్దచెల్లెలు అది.

ఇలా చేపల ఇల్లాలితనం చూసి ఆశ్చర్యపోయినవాళ్ళలో కొన్రాడ్ లోరెంజ్ ఒకడు. ఆస్ట్రియావాడు. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆయన 1949లో రాసిన పుస్తకంలో రత్నచేప కథ వుంది. అది కూడా ఆఫ్రికా సిక్లిడ్డే, మన క్రిబ్‌కి దగ్గరి చుట్టం. సాయంత్రం వేళ తండ్రిచేప దారితప్పిన పిల్లల్ని నోటితో ఎత్తి గూటికి చేరుస్తూంటుంది. అంతలో వానపాము ముక్క కనబడింది. తీసి నోట్లో వేసుకుంది. నమలబోతూ వుండగా ఎదురుగా ఒక పిల్ల. దాన్ని కూడా అదే నోట్లోకి తీసుకుంది. ఒక నోట్లో ఆహారమూ, బిడ్డా! ఒకటి మింగాలి, ఒకటి కాపాడాలి. కొన్ని క్షణాలు కదలకుండా నిలబడిపోయింది. ఆ తర్వాత రెండిటినీ కిందకి ఊసేసి, పిల్లమీద ఒక కన్ను వేసివుంచి, వానపాముని మెల్లగా తిని, అప్పుడు పిల్లని ఎత్తుకుని ఇంటికి పోయింది. చూస్తున్న విద్యార్థులు చప్పట్లు కొట్టారట. ఆకలీ అభిమానమూ ఒకే నోట్లో ఇరుక్కున్నప్పుడు అంత తెలివిగా నడుచుకున్న మనుషుల్ని నేను తక్కువమందినే చూశాను.

ఆ లోరెంజ్ శిష్యుడు వాల్టర్ హైలిగెన్‌బెర్గ్. ఇందాక చెప్పిన 1963 నాటి వ్యాసం ఈయనదే. ఏ క్షణంలో చేప కోపంతో దూకుతుంది, ఏ క్షణంలో తినడానికి వంగుతుంది, దేనివల్ల ఒక కోరిక మరోదాన్ని పక్కకి నెడుతుంది అని మన క్రిబ్‌ని గాజుగోడ ఇవతల కూర్చుని లెక్కగట్టాడు. తర్వాత అమెరికా వెళ్ళి, నీళ్ళలో కరెంటు పుట్టించే చేపల మెదళ్ళు ఎలా పనిచేస్తాయో కనిపెట్టి గొప్పవాడయ్యాడు. 1994 సెప్టెంబరు 8న పిట్స్‌బర్గ్ దగ్గర కూలిన విమానంలో వున్న 132 మందిలో ఆయన ఒకడు.

ఇంతవరకు చెప్పింది పేర్ల చరిత్ర, ఇళ్ళ చరిత్ర. అసలు విషయం నీళ్ళు.

ఈ చేపల్ని ఇంట్లో పెంచేవాళ్ళలో ఒక ఫిర్యాదు పాతకాలం నుంచీ వుంది. ఒకరింట్లో ఈతకి పుట్టిన పిల్లలు దాదాపు అన్నీ ఆడవే. ఇంకొకరింట్లో దాదాపు అన్నీ మగవే. జత కుదరక కొనేవాళ్ళు రారు. దాంతో తల్లిచేప మంచిది కాదని కొందరు, జాతి క్షీణించిందని కొందరు తీర్పులు చెప్పేవారు. తల్లిని మార్చి చూసేవాళ్ళు. మా చుట్టాలబ్బాయి ఒకడు హైదరాబాదులో బోరునీళ్ళతో ఈ చేపల్ని పెంచి, మూడు ఈతలు ఆడపిల్లలే అయ్యేసరికి, ‘ఈ ఆడది లాభం లేదు పిన్నీ, ఇంకోదాన్ని తెస్తాను’ అన్నాడు. వాడి మాటకి నాకు ఒళ్ళు మండింది. ఈ మాట మనుషుల ఇళ్ళల్లో నేను వినని మాట కాదు. ఆడపిల్లని కన్నదని పుట్టింట వదిలేసిన కోడళ్ళు, మగపిల్లాడి కోసం రెండో పెళ్ళికి సిద్ధపడ్డ మహారాజులు మన చుట్టూ ఎంతమంది లేరు!

1985లో రూబిన్ అనే పరిశోధకుడు కోపియా అనే అమెరికన్ శాస్త్రపత్రికలో ఈ ముడి విప్పాడు. నీళ్ళలో పులుపూ క్షారమూ ఎంతున్నాయో కొలిచే లెక్క వుంది. దాన్ని పి.హెచ్. అంటారు. 7 అయితే మధ్యస్థం, తగ్గినకొద్దీ పులుపు, పెరిగినకొద్దీ క్షారం. పులుపు నీళ్ళలో పెరిగిన క్రిబ్ పిల్లల్లో మగవి ఎక్కువయ్యాయి. మధ్యస్థపు నీళ్ళలో ఆడవి ఎక్కువయ్యాయి. 2013లో కెనడా పరిశోధకులు రెడ్డన్, హర్డ్ మరోసారి పరీక్షించారు. పిల్ల ఆడో మగో అనేదే కాకుండా, మగపిల్లల్లో ఎవరు ఎరుపు ఛాయకి, ఎవరు పసుపు ఛాయకి వస్తారనేదాన్ని కూడా తొలివారాల నీళ్ళు ప్రభావితం చేస్తాయని చెప్పారు. అడవి వాగుల్లో రాలిన ఆకులు నానినచోట నీళ్ళు టీ డికాషన్ రంగుతో పుల్లగా వుంటాయి. మన బోరునీళ్ళు సున్నం కలిసి క్షారంగా వుంటాయి. తల్లి చేసిన నేరం ఏమీ లేదు. తొట్టెలో నీళ్ళు పోసినవాడిని అడగాలి!

చేప లెక్క వేరు, మనిషి లెక్క వేరు. మనలో బిడ్డ ఆడో మగో తేల్చేది నీళ్ళు కావు, తండ్రి బీజం. ఇది తేల్చినవాళ్ళలో కూడా ఒక ఆడమనిషి వుంది. అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త 1905లో పిండిపురుగుల కణాలు పరీక్షించి, మగపురుగు బీజాలు రెండు రకాలనీ, చిన్న క్రోమోజోమ్ వున్న బీజం వల్ల మగపిల్ల పుడుతుందనీ చూపించింది. అదే ఏడాది ఎడ్మండ్ విల్సన్ కూడా అటువంటి సంగతే చెప్పాడు. ఆమె 1912లోనే పోయింది. ఆమె మాట మన గడపల్లోకి రావడానికి వందేళ్ళు చాలలేదు. చేపల విషయంలో నీళ్ళనీ, మనుషుల విషయంలో తండ్రినీ అడగవలసిన చోట, రెండుచోట్లా తల్లినే బోనెక్కించారు.

నీళ్ళకి అంత మహిమ వుందని తెలిశాక, ఆ చేప పుట్టింటి నీళ్ళ మాట అడక్కుండా ఎలా వుండగలం? నైజర్ డెల్టాలో ఒలొయిబిరి అనే ఊళ్ళో 1956లో పెట్రోలు నూనె బయటపడింది. 1958 నుంచి ఎగుమతి మొదలైంది. గొట్టాలు వాగులూ చిత్తడినేలలూ దాటుకుంటూ వెళ్ళాయి. అవి పగిలినచోట, చిల్లుపడినచోట నూనె నీళ్ళమీద తెట్టెకట్టింది. చేపలు పట్టి బతికేవాళ్ళ వలలు నల్లబడ్డాయి. ఒగోనీ ప్రజల తరఫున నోరెత్తిన కెన్ సారో-వివా నాలాగే నవలలు రాసుకునేవాడు. 1995 నవంబరు 10న నాటి సైనిక ప్రభుత్వం ఆయన్నీ, మరో ఎనిమిదిమందినీ పోర్ట్ హార్కోర్టులో ఉరితీసింది.

2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒగోనీ నేలమీద నివేదిక ఇచ్చింది. శుభ్రం చెయ్యడానికి పాతికేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళు పడుతుందన్నారు. ఒకచోట జనం తాగుతున్న బావినీళ్ళలో బెంజీన్ అనే విషం, ప్రపంచ ఆరోగ్యసంస్థ పెట్టిన హద్దుకి తొమ్మిదివందల రెట్లు మించి వుంది. ఇక్కడ చేపకి పులుపు ఎక్కువైందా క్షారం ఎక్కువైందా అని రంగుకాగితం ముంచి చూసుకుంటున్నాం. అక్కడ మనుషులు కుండతో ముంచుకున్నది ఆ నీళ్ళు.

పెంపుడు చేపలు మాత్రం వృద్ధిలోనే వున్నాయి. కొట్లో మనకి దొరికేవి ఎక్కువగా నైజర్ వాగు ఎరగనివే. పెంపకపు తొట్లలోనే పుట్టి, తొట్లలోనే పెరిగినవి. వాటి తల్లులూ అమ్మమ్మలూ కూడా గాజుగోడల మధ్యే కళ్ళు తెరిచారు. అమెరికాలో పుట్టిన మన మనవలు అమ్మమ్మ ఊరి పేరు ఇంటిపేరుగా మోస్తూ, ఆ ఊరి చెరువు నీళ్ళు ఎలా వుంటాయో తెలియకుండా పెరిగినట్టు అనుకోండి. చేప బతికేవుంది, పేరూ బతికేవుంది. రెండిటి మధ్యా వుండవలసిన నీళ్ళ కథే ఎవరికీ పట్టలేదు.

పేరు తప్పు పడినందుకు ఆ చేపకి ఒక్క పొలుసు కూడా రాలలేదు. లండనులో ఏ పేరు రాస్తేనేం, జర్మనీలో ఏ పేరుతో పిలిస్తేనేం, కొబ్బరిచిప్పలో ఇసక తోడుకుంటూ, గుడ్లకి గాలి విసురుతూ తన పని తాను చేసుకుపోయింది. దానికి ప్రాణాంతకమైనదీ, ప్రాణదాత అయినదీ నీరు ఒక్కటే. పిల్ల ఆడో మగో, ఎరుపో పసుపో తేలే ముందు ఆ పిల్ల ఎక్కడ పడిందో చూడాలి. మనుషుల పిల్లలకి ఆడామగా తండ్రి బీజంతోనే తేలిపోయినా, ఆ తర్వాతి బతుకంతా ఎలాంటి నీళ్ళలో ఈదారన్నదాని మీదే వుంటుందని నాకనిపిస్తుంది.

ఈసారి మీ పిల్లలు చేపలకొట్టు ముందు ఆగి క్రిబ్ కావాలంటే, ఆ పేరు తప్పురా అని దిద్దకండి. కొట్టువాడికి అర్థమయ్యేది ఆ పేరే. జత కొనిపెట్టండి, ఒక కొబ్బరిచిప్ప కూడా ఇంట్లోంచి ఇవ్వండి. పిల్లలు పుట్టాక ఆడవి ఎక్కువయ్యాయని ఎవరైనా మొహం ముడుచుకుంటే మాత్రం ఒక్కమాట అడగండి.

‘ఏ నీళ్ళు పోశావు నాయనా?’